చదువుకోవడం, చదివించుకోవడం



తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి గనుక ఏ ప్రస్తావన మొదలుపెట్టినా కాలు వ్యాకరణం వైపే పడుతుంది, మన్నించగలరు. 'చదువు' అనే ధాతువు తీసుకుందాం. దానికి 'ఇంచు' చేరితే 'చదివించు' అవుతుంది, ప్రేరణార్థకం. ప్రేరణ మనది, పని మరొకరిది. 'కొను' చేరితే 'చదువుకొను', ఆత్మార్థకం. పనీ మనదే, ఫలమూ మనదే. రెండూ కలిసి చేరితే 'చదివించుకొను'. ఇక్కడ ఫలం మనదే గాని పని మాత్రం పరాధీనం. ఉన్నత పాఠశాలలో ముప్ఫయి ఏళ్లకు పైగా ఈ మాటలు నల్లబల్ల మీద వ్రాసి పిల్లలచేత వల్లె వేయించాను. ఈ రెండు క్రియల నడుమ ఎంత దూరం ఉందో కొలిచి చూపించినవాడు మాత్రం నా శిష్యుడొకడు. అంతర్జాలంలోని పుటలను చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేయి స్వాధీనంలో లేనివారు కూడా వాడుకోగలిగేటట్లు తీర్చడం గురించి ఈ మాటలు వ్రాయడానికి అతడే కారణం.

అతని పేరు వ్రాయను. ఎనిమిదో తరగతిలో నా దగ్గరకు వచ్చేనాటికే దీపాలు పెట్టే వేళకు తడుముకుంటూ నడిచేవాడు. రేచీకటి అన్నారు, ఆకుకూరలు తినమన్నారు. అది కంటి వెనుక పొర క్రమక్రమంగా క్షీణించే జబ్బు అని తేలేసరికి ఇంటర్మీడియట్ అయిపోయింది. డిగ్రీ చివరికి అచ్చు అక్షరం పూర్తిగా మాయమైంది. ఎం.ఏ. తెలుగు అంతా చదివించుకొనే పూర్తిచేశాడు. కొంత తల్లి చదివింది, కొంత గదిలోని స్నేహితులు చదివారు, కొంత నేను క్యాసెట్లలోకి చదివి పంపాను. ఇప్పుడు జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. చదివిపెట్టిన వారందరి మీదా అతనికి కృతజ్ఞత ఉంది. అయినా ఒకసారి ఇట్లా అన్నాడు: "ఎవరైనా చదివిపెడితే సంతోషమే మాష్టారూ. కాని వాళ్లకు ఆవులింత వస్తే నా పుస్తకం మూసుకుపోతుంది. నచ్చిన పద్యం నాలుగోసారి చదవమని అడగడానికి నాకు మొహమాటం."

ఆ మొహమాటాన్ని తీర్చింది కంప్యూటరు. తెర మీద ఉన్న వ్రాతను గొంతుగా మార్చి వినిపించే స్క్రీన్ రీడర్లనేవి ఉన్నాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నేను 'తెరచదువరి' అంటాను; అతడు నవ్వి ఊరుకుంటాడు. 'జాస్' అనేది 1989 నుంచీ ఉన్నా, దాని ఖరీదు మన అధ్యాపకుల జీతాలకు అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని యువకుడు 'ఎన్‌వీడీఏ' అనేదాన్ని వ్రాయడం మొదలుపెట్టాడు. చూపు లేని మరొక మిత్రుడు జేమ్స్ టే అతనికి తోడయ్యాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. దానితోబాటు వచ్చే 'ఈస్పీక్' అనే గొంతుకు తెలుగు కూడా వచ్చు. వచ్చు అంటే, ఇనుప పెట్టెలో కూర్చొని చదివినట్లు చదువుతుంది. శకటరేఫమూ లేదు, సొగసూ లేదు. కాని అర్ధరాత్రి లేపినా విసుక్కోదు. నాలుగోసారి కాదు, నలభయ్యోసారి అడిగినా చదువుతుంది. మా శిష్యుడు దాన్ని ఎంత వేగంగా వింటాడంటే, పక్కన కూర్చున్న నాకు అవధానంలో గంట కొట్టినట్లు వినిపిస్తుందే తప్ప ఒక్క మాటా అందదు.

చూపున్న మనం ఒక పుటను ఒక్కసారిగా చూస్తాం. శీర్షిక ఎక్కడ, అసలు విషయం ఎక్కడ, పక్కన ఉన్న పనికిరాని ప్రకటనలు ఎక్కడ అని కన్ను క్షణంలో తేల్చేస్తుంది. చెవికి ఆ వీలు లేదు. ఒకదాని తరువాత ఒకటిగా విని తీరాలి. అందుకే తెరచదువరిలో దాటువేతకు మీటలున్నాయి. 'హెచ్' నొక్కితే తరువాతి శీర్షికకు దూకుతుంది. లంకెలన్నీ ఒక జాబితాగా తెప్పించుకోవచ్చు. అయితే ఆ శీర్షికను శీర్షిక అని పుట తయారుచేసినవారు యంత్రానికి చెప్పి ఉండాలి. అక్షరాలు లావుగా, ఎర్రగా చేసి వదిలేస్తే కంటికి శీర్షికే గాని యంత్రానికి అది మామూలు వాక్యం. లంకెల జాబితా తెప్పించుకుంటే "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని పదహారుసార్లు వినబడిన పుట ఒకటి అతడు నాకు వినిపించాడు. ప్రతి లంకెకూ 'ఇక్కడ నొక్కండి' అని పేరు పెట్టారు మరి. సర్వనామానికి ముందు నామవాచకం ఉండాలని ఆరో తరగతిలోనే చెబుతాం.

ఇక మన తెలుగుకే ప్రత్యేకమైన సంగతులున్నాయి. వీటిని ఆంగ్లంలో నియమావళి వ్రాసినవారు మనకు చెప్పలేరు, మనమే చెప్పుకోవాలి.

యూనికోడు తొలి కూర్పు 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. అయినా చాలా ఏళ్లపాటు మన పత్రికల సైట్లు ఎవరి ఖతి వారిది అన్నట్లుండేవి. ఆంగ్లాక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరపు ముక్కలు కూర్చేవారు: తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకొకచోట. ఆ ఖతి ఉన్నవారి కంటికి అది తెలుగు, తెరచదువరికి మాత్రం అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు. మనలో కొందరం ఆ రోజుల్లో ఖతి దొరక్క సణిగినవాళ్లమే. చూపు లేనివానికి ఖతి దొరికినా ప్రయోజనం లేదు; అతని పాలిటికి అక్కడ తెలుగు పుట్టనే లేదు. అందుకని యూనికోడు రావడం మనకు సౌకర్యం, అతనికి అక్షరాభ్యాసం. ఈనాటికీ పుస్తకాలు అచ్చువేసేవారు చాలామంది పాత పద్ధతి ఖతులే వాడుతున్నారు. ఆ పుస్తకాలనుంచి తీసిన పీడీఎఫ్‌లు తెరిస్తే తెరచదువరి మళ్లీ ఆ పాత గోలే చదువుతుంది.

సరే, యూనికోడులో వ్రాశాం. అంతటితో అయిపోలేదు. 'అందం' అనే మాటను కొందరు 'అ౦ద౦' అని కొడతారు. మీకు తేడా కనబడుతున్నదా? నాకూ కనబడదు. మొదటి మాటలో ఉన్నది పూర్ణబిందువు. రెండోదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న. యూనికోడులో బిందువుది ఒక స్థానం, అంకెది వేరొక స్థానం. కన్ను రెండింటినీ ఒక్కటిగానే చూస్తుంది. యంత్రం మాత్రం రెండోదాన్ని "అ సున్నా ద సున్నా" అంటుంది. ఇట్లా కొట్టిన వ్యాసం వింటే ఎవరో టెలిఫోను నంబరు చెబుతున్నట్లుంటుంది. విసర్గదీ ఇదే కథ. 'దుఃఖం' అని వ్రాయవలసినచోట 'దు:ఖం' అని రెండు చుక్కల ఆంగ్ల విరామచిహ్నం పెడతారు. అప్పుడు యంత్రం మాటను రెండుగా విరిచి, మధ్యలో 'కోలన్' అని కూడా చదవవచ్చు. అంత దుఃఖంలోనూ నవ్వు వస్తుంది. అందం కోసమని 'తె లు గు' అని అక్షరానికి అక్షరానికి నడుమ ఖాళీ వదిలే అలవాటూ ఉంది. వినేవానికి అది మాట కాదు, ఓనమాలు. నేను విద్యార్థుల వ్రాతలో అనుస్వారం గతి తప్పితే అరమార్కు తగ్గించేవాణ్ణి. సున్నకూ బిందువుకూ భేదం ఇంత ప్రాణప్రదమైన రోజు వస్తుందని చిన్నయసూరి మాత్రం ఊహించి ఉంటాడా!

పద్యాల సంగతి మరీ చిత్రం. వృత్తాల్లో పాదం ముగిసినచోట మాట ముగియనక్కరలేదు. 'వచ్చెననుచు' అనే మాటలో 'వచ్చె' ఒక పాదం చివర, 'ననుచు' తరువాతి పాదం మొదట పడవచ్చు. క్రింది బాణపు మీట నొక్కుతూ వరుస వరుసగా వినేవానికి ప్రతి పాదాంతంలోనూ మాట తెగుతుంది. పద్యాన్ని పద్యంగానే ఉంచాలి, సందేహం లేదు. దాని క్రింద పదవిభాగమో, అన్వయక్రమంలో వచనమో ఇస్తే మా శిష్యుని వంటివారికి ఎంత ఉపకారమో అతడే చెప్పాడు. ఒక విధంగా చూస్తే ఇది చూపున్న ఈ తరం పిల్లలకూ కావలసిందే. ప్రతిపదార్థాలు ఇచ్చేటప్పుడు మనం సమానార్థక చిహ్నం పెడతాం కదా. అతని యంత్రం ప్రతి మాట తరువాతా 'ఈక్వల్స్' అంటుంది. "నా క్లాసులో తెలుగు పాఠం గణితమైపోయింది మాష్టారూ" అని నవ్వాడు. అయినా అది సహించదగినదే అన్నాడు. సహించరానిది మరొకటి ఉంది. కొందరు పద్యాన్ని పూలతీగల నడుమ ముచ్చటైన బొమ్మగా తయారుచేసి పెడతారు. బొమ్మలో ఉన్న అక్షరం అక్షరం కాదు, అక్షరపు ఛాయాచిత్రం. తెరచదువరి అక్కడికి వచ్చి 'గ్రాఫిక్' అని ఒక్క మాట పలికి దాటిపోతుంది. శతాబ్దాలపాటు నోటినుంచి చెవికి, చెవినుంచి నోటికి నడిచివచ్చిన పద్యం, వినడం తప్ప వేరే దారి లేనివాని దగ్గరకు వచ్చేసరికి మూగబోతుంది.

(ఈ మాట వ్రాస్తుంటే బంధకవిత్వం గుర్తుకు వచ్చింది. నాగబంధం, చక్రబంధం వంటివి కంటికోసమే పుట్టినవి. వాటిని చెవికి ఎట్లా ఇవ్వాలి? ముందు పద్యం పాఠంగా ఇచ్చి, తరువాత ఏ అక్షరం పాము తలలో పడుతుంది, ఏది మెలికలో రెండుసార్లు వాడబడుతుంది అని వివరించడమే మార్గమని మేమిద్దరం తేల్చుకున్నాం. దీనిమీద మరొకసారి వ్రాస్తాను.)

బొమ్మ పెట్టవద్దని నేను అనడం లేదు. పెట్టిన బొమ్మకు మాటల్లో ఒక వివరణ చేర్చడానికి పుటల భాషలో 'ఆల్ట్' అనే ఏర్పాటు ఉంది. అది చూపున్నవారికి కనబడదు, తెరచదువరి మాత్రం చదువుతుంది. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు చెప్పుకున్న జాతి మనది. నగరాన్నీ, సముద్రాన్నీ, చంద్రోదయాన్నీ పుటలకొద్దీ వర్ణించినవాళ్లం. ఒక్క వాక్యంలో బొమ్మను వర్ణించమంటే ఎందుకో చేయి రాదు. 'ఫోటో' అని పెడతారు, లేదా కెమెరా ఇచ్చిన అంకెలు అట్లాగే వదిలేస్తారు. అప్పుడు యంత్రం ఆ పన్నెండు అంకెలనూ ఓపికగా చదువుతుంది.

ఏమని వర్ణించాలి అన్నది వ్యాసాన్నిబట్టి ఉంటుంది. లేపాక్షి వ్రేలాడే స్తంభం బొమ్మనే తీసుకోండి. వ్యాసం ఆ స్తంభపు విడ్డూరం గురించి అయితే 'నేలకు పూర్తిగా ఆనని రాతిస్తంభం. అడుగున ఉన్న సన్నని సందులోనుంచి ఒకరు బట్టను ఇవతలికి లాగుతున్నారు' అనాలి. వ్యాసం శిల్పం గురించి అయితే బట్టతో పని లేదు. స్తంభం మీద చెక్కిన బొమ్మల సంగతి చెప్పాలి. ఊరికే అలంకారానికి పెట్టిన గీతకో, పువ్వుకో అయితే ఏమీ చెప్పకుండా 'ఆల్ట్'ను ఖాళీగా వదలడమే మర్యాద. అప్పుడు యంత్రం దానిని పలకకుండా దాటిపోతుంది. ఔచిత్యం అని మన ఆలంకారికులు చెప్పింది ఇదే కదా. నేను కొన్ని బొమ్మలకు ఇట్లా వివరణలు వ్రాసి అతనికి వినిపించాను. మొదటిదానికి "మాష్టారూ, మీరు ప్రబంధం వ్రాశారు, నాకు స్తంభం కావాలి" అన్నాడు. సగానికి తగ్గించాను.

ఇంతవరకు చెప్పినది చదువుకునే సుఖం గురించి. ఇది లేకపోయినా మనిషి బ్రతుకుతాడు. ఇక బ్రతుకుతెరువు దగ్గరకు వస్తాను.

మా శిష్యుడు పనిచేసేచోట విద్యార్థుల మార్కులను అధ్యాపకులే నేరుగా ఒక సైటులో ఎక్కించాలి. ఎవరి వాడుకపేరు వారిది, ఎవరి సంకేతపదం వారిది. మొదటి పుటలోనే వంకర టింకర అక్షరాల బొమ్మ ఒకటి చూపించి, అందులో ఏముందో కొట్టమంటుంది. మీరు యంత్రం కాదు, మనిషి అని నిరూపించుకోవాలి. వినిపించే ఏర్పాటు లేదు. అంటే చూపు లేనివాడు మనిషినని నిరూపించుకోలేడు. ఎవరో ఆ అక్షరాలు చెప్పి లోపలికి పంపితే, ఎదురుగా గళ్లు. ప్రతి గడి దగ్గరా యంత్రం 'ఎడిట్, బ్లాంక్' అంటుంది. అది ఏ విద్యార్థి గడి? పేరు ఎడమవైపు తెరమీద ఉంది, నిజమే. గడికీ పేరుకూ సంబంధం ఉన్నదని సైటు వ్రాసినవారు యంత్రానికి చెప్పలేదు. 'లేబుల్' అనే చిన్న ముడి ఒకటి వేస్తే గడి దగ్గరకు రాగానే పేరు చదివేది. అడుగున మూడు బొమ్మ బొత్తాలు. యంత్రం వాటిని 'బటన్, బటన్, బటన్' అని చదువుతుంది. ఒకటి దాచిపెట్టేది, ఒకటి రద్దుచేసేది, ఒకటి ఇక మార్చడానికి వీలు లేకుండా పైకి పంపేది. ఏది ఏదో నొక్కితే గాని తెలియదు. నొక్కితే ఇక తెలిసీ ప్రయోజనం లేదు. ఇవన్నీ తడుముకుంటుండగానే గడువు ముగిసిందని సైటు బయటికి నెట్టేస్తుంది.

రెండేళ్లు కుస్తీ పట్టి, మూడో ఏడు తన సంకేతపదం కార్యాలయంలో పనిచేసే ఒక కుర్రవానికి చెప్పి మార్కులు ఎక్కించమన్నాడు. ఆ కుర్రవాడు మంచివాడే. నూటికి పైగా పేర్లు, సాయంత్రం బస్సు వేళ. ఒక ఆడపిల్లకు 47 బదులు 17 పడింది. ఆ పిల్ల తండ్రి కళాశాలకు వచ్చి కేకలు వేశాడు. తప్పు దిద్దించడానికి నెల పట్టింది. సంజాయిషీ మా శిష్యునికి వచ్చింది. ఎందుకంటే సైటు లెక్కలో ఆ మార్కు వేసింది అతడే. నిశానీ మనది, వ్రేలు వేరొకరిది అన్నట్లయింది. ఆ రోజు ఫోనులో అతని గొంతు ఇంతకు ముందెన్నడూ నేను వినని గొంతు. "పద్దెనిమిదేళ్ల సర్వీసులో పేపరు దిద్దడంలో ఒక్క మార్కు తేడా రాలేదు మాష్టారూ" అన్నాడు. పేపర్లు ఎట్లా దిద్దుతావని ఎవరైనా అడగవచ్చు. చదివించుకొని దిద్దుతాడు, కాని మార్కు తానే చెబుతాడు, వ్రాసినదాన్ని తిరిగి చదివించి సరిచూస్తాడు. అంత జాగ్రత్తగల మనిషి ఒక పేరు లేని బొత్తం దగ్గర ఓడిపోయాడు.

ఆ బొత్తానికి పేరు పెట్టడానికి ఎంత శ్రమ? తెలిసిన కుర్రవాణ్ణి, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాణ్ణి అడిగాను. మూడు బొత్తాలకూ కలిపి కొన్ని నిమిషాల పని అన్నాడు. గళ్లకు పేర్లు ముడివేయడానికి ఒక పూట. ఇందుకు కావలసిన నియమాలు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ 'డబ్ల్యూ3సీ' వీటి తొలి కూర్పును 1999లోనే ప్రకటించింది. 2008లో రెండోది వచ్చింది; దానికి సవరణలతో 2018లో 2.1, 2023లో 2.2 వచ్చాయి. నాలుగు మూలసూత్రాలు: పుటలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, మీటలతోనైనా నడపగలగాలి, అర్థం కావాలి, ఇప్పటి పరికరాలకూ రేపటి పరికరాలకూ తట్టుకొని నిలబడాలి. తక్కినదంతా వీటికి వ్యాఖ్యానమే.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షనులో సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని స్పష్టంగా ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులున్నారని తేలింది. అందులో చూపుకు సంబంధించినవారే 50 లక్షల పైచిలుకు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఒక మాట తేల్చిచెప్పింది: చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధనలు సలహా స్థాయికి దించడం చెల్లదు, తప్పనిసరి ప్రమాణాలు వేరుగా నిర్ణయించాలి. వ్యాకరణంలో విధికీ వికల్పానికీ ఉన్న భేదం ఇదే. 'అగును' అన్నచోట 'కావచ్చును' అని చదవరాదు.

2025 ఏప్రిల్ 30 తీర్పు మరింత కదిలిస్తుంది. బ్యాంకులవారు, ఫోను కంపెనీలవారు ఇంటినుంచే గుర్తింపు నిర్ధారించుకోవడానికి కెమెరా ముందు కన్ను ఆర్పమంటారు. కన్ను ఆర్పితే ప్రాణమున్న మనిషి అని లెక్క. ఆమ్లదాడికి గురై కనురెప్పలు కోల్పోయినవారు, చూపు లేనివారు ఏం చేయాలి? వారే కోర్టుకు వెళ్లారు. అంకాత్మక సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని న్యాయస్థానం చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. అందులో కన్ను ఆర్పడమొక్కటే కాక వేరే మార్గాలూ ఉండాలన్నది ఒకటి.

చూపు గురించే ఇంతసేపు చెప్పాను, నాకు తెలిసిన మనిషి అతడు గనుక. మా అక్కయ్యకు చేతులు వణుకుతాయి. ఆవగింజంత లంకె మీద మౌసు నిలబెట్టడం ఆమెవల్ల కాదు. 'ట్యాబ్' మీటతో నడిచే పుటయితే ఎంతసేపైనా కూర్చుంటుంది. వినికిడి లేనివారికి వీడియోల క్రింద మాటలు వ్రాతలో రావాలి. యంత్రమే అప్పటికప్పుడు వ్రాసిపెట్టే తెలుగు చూశారా? ఒక ఉపన్యాసంలో 'నన్నయ' అన్నప్పుడల్లా 'అన్నయ్య' అని వచ్చింది. ఆదికవితో చుట్టరికం కలిసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇక మన సంగతి. అరవై దాటిన కన్ను తెల్లని తెర మీద బూడిదరంగు అక్షరాన్ని పట్టలేదు. అక్షరానికీ నేపథ్యానికీ కాంతిలో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని ఆ నియమావళి చెబుతుంది. దానికి తోడు తెలుగుకు వరుసల మధ్య ఎడం ఆంగ్లంకంటె ఎక్కువ కావాలి. పైన గుడులు, క్రింద వత్తులు మనకున్నాయి. ఆంగ్లపు కొలతతో పేర్చితే పై వరుస వత్తు క్రింది వరుస గుడిని పొడుస్తుంది.

పుస్తకాల విషయంలో మాత్రం కొంత వెలుగు కనబడుతున్నది. చూపు లేనివారి కోసం పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చుకోవడానికి 2012లోనే మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఇందుకే ఉద్దేశించిన మర్రకేష్ ఒడంబడిక 2013లో కుదరగా, దానిని అందరికంటె ముందు 2014లో ఆమోదించిన దేశం మనదే. 2016లో 'సుగమ్య పుస్తకాలయ' ప్రారంభమైంది. వీటన్నిటికంటె మనబోటి పెన్షనుదారుల చేతిలో ఉన్నది తెలుగు వికీసోర్సు. బొమ్మలుగా స్కాను చేసిన పాత పుస్తకాన్ని అక్కడ పుట పుట సరిచూసి పాఠంగా మారుస్తారు. సరిచూసిన ప్రతి పుటా తెరచదువరి చదవగల పుటే. నేను రోజుకు రెండు పుటలు చొప్పున చేస్తున్నాను. నేను దిద్దినదాన్ని మా శిష్యుడు వింటాడు. కంటికి దొరకని అచ్చుతప్పులు అతని చెవికి దొరుకుతాయి. "ఏడో పద్యం మూడో పాదంలో ప్రాస తప్పింది, చూడండి" అని ఫోను చేస్తాడు. చూస్తే 'డ' ఉండవలసినచోట 'ద' ఉంటుంది.

మార్కుల సైటు గురించి అతడు ఊరుకోలేదు. సంజాయిషీకి జవాబిస్తూనే పైవారికి వేరుగా ఒక అర్జీ పెట్టాడు. సెక్షను పేర్కొన్నాడు, తీర్పుల తేదీలు వ్రాశాడు, బొమ్మకు బదులు మరో మార్గం, గడికి లేబుల్, బొత్తానికి పేరు, గడువు ముగిసేముందు హెచ్చరిక అని నాలుగే కోరాడు. అర్జీ తానే కొట్టాడు. ఒక్క అచ్చుతప్పు లేదు, విసర్గ కూడా విసర్గగానే ఉంది. రెండు నెలలకు జవాబు వచ్చింది. కాగితం మీద అచ్చువేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, స్కాను చేసి పంపిన పీడీఎఫ్ అది. తెరచదువరి దాన్ని తెరిచి 'ఖాళీ పుట' అంది. ఫోనులో బొమ్మనుంచి అక్షరాలు లాగే ఉపకరణంతోనూ ప్రయత్నించాడు. అడ్డంగా పడిన ముద్ర మూలాన నంబరూ తేదీ తప్ప తక్కినదంతా అలుక్కుపోయింది. సాయంత్రం నాకు పంపి ఫోను చేశాడు.

"ఏమున్నదో కొంచెం చదివిపెట్టండి మాష్టారూ."

చదివాను. వారి అర్జీ అందినదనియు, విషయము పరిశీలనలో ఉన్నదనియు, రెండు వాక్యాలు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఆ నంబరు ఇంకొకసారి చెప్పండి, రెండో అర్జీలో అయిదో కోరిక చేర్చాలి" అన్నాడు. చెప్పాను. అవతల మీటల చప్పుడు వినబడింది.